వేసవికి సిట్రస్ పెర్ఫ్యూమ్ కొంటున్నారా? రెండో గంట వాసన చూసి కొనండి

మార్చి దాటగానే, చలికాలంలో హాయిగా అనిపించిన ఊద్ (అగరు), వెనిలా సెంట్లు బరువెక్కుతాయి. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకు తలనొప్పి తెప్పిస్తాయి. అప్పుడు అందరి చూపూ నిమ్మ, నారింజ వాసనల మీదకు మళ్లుతుంది. కొట్టులో కాగితం మీద ఒక్క స్ప్రే కొట్టగానే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అక్కడికక్కడే వేలు పోసి సీసా కొనేస్తారు. ఇంటికొచ్చి వేసుకుంటే గంట తిరిగేసరికి ఆ నిమ్మ జాడ ఉండదు. డబ్బు దండగైపోయిందని బాధ మొదలవుతుంది.

ఈ బాధ తప్పించుకోవచ్చు. సిట్రస్ పెర్ఫ్యూమ్‌ను మొదటి పది నిమిషాలతో తూచకండి. నిమ్మ ఎగిరిపోయాక ఒంటి మీద ఏం మిగిలిందో దానితో తూచండి. కింద చెప్పే పద్ధతంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

నిమ్మ ఎందుకు నిలవదు

నిమ్మజాతి పండ్ల పరిమళమంతా తొక్కలోనే ఉంటుంది. తొక్కను వేడి చేయకుండా నొక్కి ఆ నూనె తీస్తారు. నారింజ తొక్క నూనెలో 90 శాతానికి పైగా ఉండేది లిమోనీన్ అనే ఒకే పదార్థం. దాని అణువు చిన్నది, తేలికైనది. గాలి తగిలితే చాలు, ఎగిరిపోతుంది. గంధం, వట్టివేరు, కస్తూరి వాసనల్లోని అణువులు దీనికంటే బరువైనవి కాబట్టి గంటల తరబడి ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయి. మన 42 డిగ్రీల ఎండలో లిమోనీన్ ఇంకా త్వరగా వెళ్లిపోతుంది. ఇందులో కంపెనీ మోసమేమీ లేదు, ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన తీరే సమస్యా కాదు.

డబ్బా మీద ఓ డి పర్ఫమ్ అని ఉంటే ఎక్కువసేపు ఉంటుందని చాలామంది నమ్ముతారు. సాధారణంగా కొలోన్‌లో పరిమళ నూనెల పాలు తక్కువ, ఓ డి టాయిలెట్‌లో కాస్త ఎక్కువ, ఓ డి పర్ఫమ్‌లో ఇంకా ఎక్కువ. అది నిజమే. కానీ ఆ నూనెలో ఎక్కువ భాగం తొక్క నూనే అయితే, ఎంత పోసినా ఎగిరిపోయేది ఎగిరిపోతూనే ఉంటుంది. అందుకే డబ్బా మీది మాటకంటే కింది పొరలో, అంటే పై వాసన ఎగిరిపోయాక మిగిలే భాగంలో ఏముందో తెలుసుకోవడం ముఖ్యం.

ముందు వంటింట్లో ముక్కుకు పని చెప్పండి

సిట్రస్ అంటే ఒకే వాసన కాదు. మీకు అందులో ఏది నచ్చుతుందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. ఒక నిమ్మకాయ, ఒక బత్తాయి, ఒక కమలాపండు తెచ్చుకుని తొక్కను గోటితో గీరి వాసన చూడండి. రసం వాసన కాదు, తొక్కది. నిమ్మది పదునుగా తగులుతుంది. కమలాది తియ్యగా ఉంటుంది. బత్తాయిది మెత్తగా, కొంచెం పచ్చిగా ఉంటుంది. పంపర పనస దొరికితే దాని తొక్క కూడా గీరండి. పెర్ఫ్యూముల్లో తరచూ వినిపించే గ్రేప్‌ఫ్రూట్ పంపర పనసకూ నారింజకూ పుట్టిన పండే. ఆ చేదు ఛాయ మీకు అక్కడ దొరుకుతుంది.

తర్వాత ఒక నిమ్మాకు నలపండి. ఆకుపచ్చగా, కాస్త కట్టె వాసనగా ఉండే ఆ ఘాటుకు దగ్గరగా ఉండేదే పెటిట్‌గ్రెయిన్. చేదు నారింజ చెట్టు ఆకులు, లేత కొమ్మల నుంచి దాన్ని తీస్తారు. అదే చెట్టు పూలను ఆవిరి పట్టి తీసే నూనె నెరోలి. గూడూరు నిమ్మతోటల్లోనో నల్లగొండ బత్తాయి తోటల్లోనో పూత వేళ నడిచినవాళ్లకు నెరోలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇక బర్గమాట్ అనే నిమ్మజాతి పండు మన దగ్గర పండదు. దక్షిణ ఇటలీలోని కలాబ్రియా దానికి పుట్టిల్లు లాంటిది. దాని వాసన తెలియాలంటే ఒక ఎర్ల్ గ్రే టీ పొట్లం విప్పి చూడండి. ఆ టీకి పరిమళం ఇచ్చేది బర్గమాటే. నిమ్మలోని పదును తగ్గి, లోపల పువ్వు లాంటి మెత్తదనం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో గిన్నెలు తోమే సబ్బుకూ, నేల తుడిచే ద్రావకానికీ నిమ్మ వాసనే పెడతారు. అందువల్ల ఉత్త నిమ్మ మీద నిలబడ్డ పెర్ఫ్యూమ్ ఎంత ఖరీదైనదైనా, మనవాళ్ల ముక్కుకు గిన్నెల సబ్బులా తగిలే ప్రమాదం ఉంది. తియ్యటి నారింజకు ఓఆర్ఎస్ నీళ్లూ, చప్పరించే విటమిన్ సి బిళ్లలూ అలాగే అడ్డొస్తాయి. ఈ చిక్కు లేనివి చేదు వాసనలు: బర్గమాట్, గ్రేప్‌ఫ్రూట్, పెటిట్‌గ్రెయిన్, చేదు నారింజ. మొదటిసారి కొనేవాళ్లను నేను ఈ చేదు వైపే నడవమంటాను.

కింది పొర సంగతి

అసలు నిర్ణయం జరగాల్సింది ఇక్కడ. నిమ్మ వెళ్లిపోయాక మిగిలేది బేస్. అది మన వేడికి తట్టుకోవాలి.

నా లెక్కలో తెలుగు నేల వేసవికి అన్నిటికంటే బాగా కుదిరేది వట్టివేరు. ఇది మనకు కొత్త కాదు. కిటికీకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన ఇళ్లు మనవి. కుండనీళ్లలో నాలుగు వేళ్లు వేసుకుని తాగిన నోళ్లు మనవి. ఆ వాసన రాగానే చల్లదనం గుర్తొచ్చేలా మన ముక్కు ఎప్పుడో తయారై ఉంది. పెర్ఫ్యూమ్ తయారీలోనూ వట్టివేరుకు గట్టి స్థానం ఉంది. ఆ నూనె నెమ్మదిగా ఆవిరవుతుంది, తనతోపాటు పై వాసనల్నీ కొంత పట్టి ఉంచుతుంది. గ్రేప్‌ఫ్రూట్ చేదుకూ వట్టివేరు మట్టివాసనకూ పొత్తు ఎంత బాగా కలుస్తుందంటే, మొదటిది ఎప్పుడు పోయిందో రెండోది ఎప్పుడు వచ్చిందో తెలియదు. వివరాల్లో పైన సిట్రస్, కింద వట్టివేరు అని కనిపిస్తే, దాన్ని మీ జాబితాలో ముందు రాసుకోండి.

రెండోది వైట్ మస్క్, అంటే కృత్రిమంగా చేసిన తేలికపాటి కస్తూరి వాసన. ఉతికి ఆరేసిన బట్టల వాసన వస్తుంది. ఆఫీసుకు చక్కగా సరిపోతుంది. అయితే మస్క్‌కు మన ముక్కు త్వరగా అలవాటు పడుతుంది. మీకు పోయిందనిపిస్తుంది గానీ పక్కవాళ్లకు వస్తూనే ఉంటుంది. అనుమానం ఉంటే ఇంట్లోవాళ్లను అడగండి.

మూడోది అంబ్రాక్సాన్ వంటి కృత్రిమ పదార్థాలు. ఇవి చాలాసేపు నిలుస్తాయి. అందుకే ఈమధ్య ఎన్నో పెర్ఫ్యూముల్లో వీటి మోతాదు పెరిగింది. తక్కువగా వాడితే అందంగా ఉంటాయి. ఎక్కువైతే ఎండలో గరుకుగా, ముక్కులో గుచ్చినట్టు తయారవుతాయి. పది గంటలు నిలిచే సిట్రస్ అని ఎవరైనా చెబితే, ఆ పది గంటల్లో తొమ్మిది మీరు పీల్చేది ఇదే కావచ్చు. అది మీకు ఇష్టమేనా అన్నది తేల్చుకోండి.

వెనిలా, టోంకా గింజ వంటి తీపి బేసులు సాయంత్రాలకు పర్వాలేదు. మిట్టమధ్యాహ్నం విశాఖ, కాకినాడ, విజయవాడ ఉక్కపోతలో అవి చర్మం మీద జిగటగా అనిపిస్తాయి. హైదరాబాద్, కరీంనగర్ పొడి ఎండలో అంత ఇబ్బంది ఉండదు. అక్కడ బాధ వేరు, పై వాసన ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. రోజంతా ఏసీలో ఉండేవాళ్లకు ఈ రెండు బెంగలూ తక్కువ కాబట్టి తేలికపాటి మస్క్ చాలు.

పేర్లు రాసుకోండి

పెర్ఫ్యూములు వెతికేటప్పుడు నిష్ అనే మాట ఎదురవుతుంది. నిష్ అంటే తక్కువ చోట్ల అమ్మే, పెద్ద ప్రకటనల మీద కాకుండా వాసన మీద ఆధారపడే బ్రాండ్లని మొదట్లో అర్థం. ఇప్పుడు వాటిలో కొన్ని పెద్ద కంపెనీల చేతికి వెళ్లాయి. లె లాబో అనే నిష్ బ్రాండ్‌ను 2014లోనే ఎస్టీ లాడర్ అనే పెద్ద సౌందర్య సాధనాల కంపెనీ కొనేసింది. కాబట్టి నిష్ అన్న ముద్ర చూసి కాదు, వాసన చూసి ఎంచుకోండి. చాలా నిష్ బ్రాండ్ల 100 మి.లీ. సీసా పదిహేను వేలు దాటుతుంది. ఆ డబ్బుకు తొందరపాటు తగదు.

వట్టివేరు దారిలో వెళ్లాలనుకుంటే లె లాబో వారి బర్గమాట్ 22తో మొదలుపెట్టండి. పైన బర్గమాట్, గ్రేప్‌ఫ్రూట్, పెటిట్‌గ్రెయిన్, కింద వట్టివేరు, మస్క్. నెరోలి ఇష్టమైతే టామ్ ఫోర్డ్ నెరోలి పోర్టోఫినో చూడండి. స్నానం చేసి వచ్చినట్టు, మంచి సబ్బు వాసనతో ఉంటుంది. తల్లో మల్లెలు పెట్టుకునేవాళ్లకు నెరోలి బాగా నప్పుతుంది. మల్లె, నారింజ పువ్వు దగ్గరి చుట్టాల్లా కలిసిపోతాయి. ఎక్కువసేపు నిలవడమే ముఖ్యమైతే మాన్సెరా వారి సెడ్రా బ్వాజే ఉంది. పైన నిమ్మ ఛాయ, కింద కట్టె, తోలు, కాస్త వెనిలా. సాయంత్రం పెళ్లి రిసెప్షన్‌కు బాగుంటుంది, పగటి బస్సు ప్రయాణానికి వద్దు.

నిష్ కాకపోయినా తప్పక వాసన చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆక్వా డి పార్మా వారి కొలోనియా 1916 నుంచీ వస్తోంది. పాతకాలపు ఇటాలియన్ కొలోన్ ఎలా ఉంటుందో చెబుతుంది. హెర్మెస్ ఓ డోరాంజ్ వెర్ట్‌ను 1979లో ఫ్రాన్స్వాజ్ కారోన్ చేసింది. నారింజ తొక్క, పుదీనా, కింద నాచు వాసన. డియోర్ ఓ సోవాజ్‌ను 1966లో ఎడ్మండ్ రూడ్నిట్స్కా తయారుచేశాడు. నిమ్మ, బర్గమాట్‌ల కింద హెడియోన్ అనే పదార్థాన్ని పెట్టి, మల్లెజాతి పూల తేమగాలి లాంటిది తెచ్చాడు. సిట్రస్‌ను ఎలా నిలబెట్టవచ్చో చూపించిన పెర్ఫ్యూమ్ అది. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, 2015లో వచ్చిన సోవాజ్ పూర్తిగా వేరే వాసన. డబ్బా మీద సోవాజ్‌కు ముందు ఓ (Eau) అనే మాట ఉందో లేదో చూసుకోండి.

చిన్న సీసాలో తెప్పించుకుని పరీక్షించండి

పై జాబితా నుంచి మూడు, నాలుగు ఎంచుకుని ఒక్కోదానికి 2 నుంచి 5 మి.లీ. డీకాంట్ తెప్పించుకోండి. అంటే పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి పోసి అమ్మేది. నమ్మకమైన అమ్మకందారు దగ్గరే తీసుకోండి. గాజు సీసా అడగండి, ప్లాస్టిక్ వద్దు. విదేశాల నుంచి వచ్చే చుట్టాల చేత పెద్ద సీసా తెప్పించుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. వాళ్లను కూడా ఈసారి శాంపిళ్లు తెమ్మనండి. అక్కడి చల్లటి కొట్టులో వాళ్లకు నచ్చింది, మే నెలలో మీ ఒంటి మీద అలాగే ఉంటుందని చెప్పలేం.

పరీక్షించే రోజు వాసన లేని సబ్బుతో స్నానం చేయండి. డియోడరెంట్, పౌడర్ వద్దు. ఎడమ ముంజేతికి ఒకటి, కుడి ముంజేతికి ఒకటి, అంతే. మూడోది వేస్తే ముక్కు తికమకపడుతుంది. వేసుకున్న వెంటనే ఒకసారి వాసన చూసి, నచ్చినా నచ్చకపోయినా పక్కన పెట్టండి. అరగంటకు మళ్లీ చూడండి. ఆ తర్వాత గొడుగు పట్టుకుని, చేతుల మీద ఎండ నేరుగా పడకుండా, పదకొండు గంటల వేడిలో కాసేపు నడిచి రండి. చెమట పట్టనివ్వండి. రెండో గంటలో కూర్చుని నిదానంగా పీల్చండి. అప్పటికి మీ చేతి మీద ఉన్నదే మీరు డబ్బు పెట్టి కొనబోయేది. అది మీకు నచ్చితే సగం పని అయిపోయినట్టే. ఐదో గంటకు ఏమీ లేకపోయినా దాన్ని జాబితాలోంచి కొట్టేయకండి, సిట్రస్‌కు అది సహజం. ఐదో గంటకు చెడ్డగా, పులిసినట్టు ఉంటే మాత్రం తీసేయండి.

చూసినవన్నీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, వాసన జ్ఞాపకం త్వరగా చెదిరిపోతుంది. ముక్కు అలసిపోతే కాఫీ గింజలు వాసన చూడమంటారు. అంతకంటే, ఏ సెంటూ అంటని మీ మోచేతి మడత వాసన చూస్తే ముక్కు తేరుకుంటుంది. ఇదే పరీక్ష ఇంకో రోజు ఏసీ గదిలో కూడా చేయండి. కొన్ని పెర్ఫ్యూములు బయట మెరిసి లోపల చప్పబడతాయి, కొన్ని దీనికి తలకిందులు.

వేసుకునే పద్ధతి

స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక వేసుకోండి. పొడి చర్మం మీద సిట్రస్ తొందరగా పోతుంది. అందుకే ముందుగా వాసన లేని మాయిశ్చరైజర్ గానీ కొంచెం వాజలిన్ గానీ రాసుకోండి. ఛాతీ మీద చొక్కా లోపల రెండు, మెడ వెనక ఒకటి, మోచేతి మడతల్లో ఒక్కోటి. జానెడు దూరం నుంచి కొట్టండి. మణికట్లు ఒకదానికొకటి రుద్దే అలవాటు మానేయండి. రుద్దితే పుట్టే వేడికి ముందుగా పోయేది మీరు ఇష్టపడి కొన్న ఆ నిమ్మే. ఊద్‌కు రెండు స్ప్రేలే ఎక్కువ గానీ, తేలికపాటి సిట్రస్‌కు ఐదారు కొట్టినా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నూలు బట్ట మీద సిట్రస్ చర్మం మీదకంటే ఎక్కువసేపు ఉంటుంది. బనియన్ మీదో, జేబురుమాలు మీదో ఒక స్ప్రే కొట్టండి. తెల్ల చొక్కా అయితే లోపలి అంచున కొట్టి మరక పడుతుందేమో ముందు చూసుకోండి. పట్టుచీరల మీద, జరీ మీద ఎప్పుడూ వద్దు. పెర్ఫ్యూములో ఎక్కువ భాగం ఆల్కహాలే కాబట్టి పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర వేసుకోకండి.

మధ్యాహ్నం మళ్లీ వేసుకోవాల్సిందే. దీన్ని లోపంగా చూడకండి. ఇటలీ నుంచి వచ్చి జర్మనీలోని కొలోన్ నగరంలో స్థిరపడిన ఫరీనా కుటుంబం 1709లో దుకాణం పెట్టింది. వాళ్ల సువాసన జలానికి ఆ ఊరి పేరే నిలిచిపోయింది. కొలోన్‌ను వాడే తీరే అది, ఎప్పుడు ఒళ్లు చల్లబడాలనిపిస్తే అప్పుడు చల్లుకోవడం. మీరూ అలాగే 5 లేక 10 మి.లీ. పట్టే చిన్న స్ప్రే సీసా నింపి బ్యాగులో పెట్టుకోండి. భోజనం తర్వాత తడిగుడ్డతో మెడ, చేతులు తుడుచుకుని, ఆరాక రెండు స్ప్రేలు. చెమట మీద కొడితే మాత్రం రెండు వాసనలూ కలిసి చెడిపోతాయి. చెమట వాసనను కప్పే పని పెర్ఫ్యూముది కాదు, దానికి వాసన లేని యాంటీపర్‌స్పిరెంట్ వాడండి.

ఎక్కువసేపు నిలవాలంటే ఇంకో దారి ఉంది. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు కొట్లలో ఖస్ అత్తరు దొరుకుతుంది. ఖస్ అంటే వట్టివేరే. స్నానం తర్వాత ఛాతీ మీద ఒక్క చుక్క అద్ది, పది నిమిషాలాగి, దాని మీద మీ సిట్రస్ కొట్టండి. నిమ్మ ఎగిరిపోయినా కింద చల్లటి వేరు వాసన సాయంత్రం దాకా ఉంటుంది. బేస్ బలహీనంగా ఉన్న ఓ మామూలు కొలోన్‌ను కూడా ఇది నిలబెడుతుంది. పదిహేను వేల సీసా కొనే స్తోమత లేనివాళ్లకు నేను మనస్ఫూర్తిగా చెప్పే మార్గం ఇదే. అత్తరు కొనేముందు చేతి మీద ఒక పూట ఉంచి, దురద గానీ ఘాటు గానీ లేదని చూసుకోండి. ఒక్క చుక్క దాటకండి, దాటితే అత్తరే మిగులుతుంది.

ఎండ, చర్మం

నొక్కి తీసిన బర్గమాట్, నిమ్మ, లైమ్ నూనెల్లో ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడవచ్చు, అవి నెలల తరబడి పోకపోవచ్చు. వీటి మోతాదు మీద పెర్ఫ్యూమ్ పరిశ్రమకు హద్దులున్నాయి. పేరున్న బ్రాండ్లు వాటిని తీసేసిన బర్గమాట్‌నే ఎక్కువగా వాడతాయి. ప్రమాదం ఇంట్లో చేసుకునే ప్రయోగాల్లో ఉంది. ఎసెన్షియల్ ఆయిల్ సీసా కొని, కొబ్బరినూనెలో కలిపి ఒంటికి రాసుకుని ఎండలోకి వెళ్లొద్దు. పిల్లలకైతే అసలే వద్దు. కొన్న పెర్ఫ్యూమ్‌నైనా ఎండ నేరుగా పడే ముఖం మీద, మెడ ముందు భాగం మీద కాకుండా బట్టల కింద కొట్టుకోవడమే మంచిది.

సీసాను దాచడం

పెర్ఫ్యూములన్నిటిలో ముందుగా పాడయ్యేవి సిట్రస్‌లే. వేడి, వెలుతురు, గాలి మూడూ వాటికి పడవు. కారు డ్యాష్‌బోర్డులో, కిటికీ పక్కన, బాత్రూమ్ అలమరలో పెట్టకండి. డబ్బాలోనే ఉంచి, బీరువాలో బట్టల మధ్య పెట్టండి. ఎండకు ఇల్లంతా వేడెక్కిపోయే ఊళ్లో ఉంటే ఫ్రిజ్‌లో కూరగాయల అర మేలు, అయితే రోజూ లోపలికీ బయటికీ తిప్పకండి. రోజువారీ వాడకానికి చిన్న స్ప్రే సీసా ఎలాగూ ఉంది.

సగం అయిన సీసాలో గాలి ఎక్కువ చేరి లిమోనీన్ పాడవుతుంది. స్ప్రే కొట్టగానే తాజా తొక్క వాసనకు బదులు టర్పెంటైన్‌లా, రంగు డబ్బాలా అనిపిస్తే చెడిందని అర్థం. అలా పాడైన లిమోనీన్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. దాన్ని ఒంటికి వాడటం ఆపేయండి. అందుకే 100 మి.లీ. చౌక పడుతున్నా 30 లేక 50 మి.లీ. సీసా తీసుకోండి. దాన్ని మార్చిలో తెరిచి, జూన్‌లో తొలకరి పడేలోపు సగానికి పైగా వాడేసేలా చూసుకోండి.